మస్జిద్ గేటు దగ్గర ఆగిపోతున్న అమ్మానాన్నలు

జంగారెడ్డిగూడెంలో పిల్లల వేసవి సెలవులూ, వర్జీనియా పొగాకు వేలమూ ఒకే కాలంలో వస్తాయి. బడులు ఏప్రిల్ చివరలో మూతపడతాయి. ఆ రోజుల్లో చుట్టుపక్కల మెట్ట గ్రామాల నుంచి వేలం కేంద్రాలకు పొగాకు బేళ్లు వస్తూ ఉంటాయి. ఆటో నడిపేవారికి, హమాలీలకు, మెకానిక్కులకు, వెల్డింగు షాపుల వారికి, తోపుడుబండి మీద పళ్లమ్మేవారికి నాలుగు డబ్బులు కళ్లజూసే కాలమది. మన ముస్లిం కుటుంబాలు చాలావరకు ఇలాంటి పనుల మీదే బతుకుతున్నాయి. అందుకే పిల్లలకు తీరిక దొరికిన రోజుల్లోనే నాన్నలకు ఊపిరి సలపదు. పశ్చిమ గోదావరిలో ఉండే ఈ పట్టణం 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారింది గాని మే నెల ఎండా, ఈ ఉరుకులు పరుగులూ మారలేదు.

గత వేసవిలో అక్కడ పిల్లల ధార్మిక శిక్షణ తరగతుల కోసం మేము కొన్నాళ్లు ఉన్నాము. నలభై మందికి పైగా పిల్లలు. చెప్పడానికి ఇమామ్ సాబ్, మేము, అంతే. ఉదయం ఏడు గంటలకు మొదలుపెడితే పది గంటలకు విడిచిపెట్టాలి. పది కాకముందే గేటు ముందు మోటారు సైకిళ్లు వచ్చి ఆగేవి. హారన్ మోగేది. బండి ఎక్కించుకుని వెళ్లిపోయేవారు. ఎవరూ బండి దిగేవారు కాదు. తల్లులు వస్తే ఇంకా దూరంగా, ఎదురుగా ఉన్న చెట్టు నీడలో నిలబడేవారు. ఇన్ని రోజుల్లో లోపలికి వచ్చి, మా అబ్బాయి ఏం నేర్చుకుంటున్నాడో చూస్తామని అడిగినవారు ఇద్దరో ముగ్గురో.

ఒకరోజు మేమే గేటు దాకా వెళ్లి ఒక తండ్రిని పలకరించాము. ఆయన వెల్డింగు పని చేస్తారు. “లోపలికి రండి భాయ్, కాస్సేపు పిల్లల మధ్య కూర్చోండి” అన్నాము. ఆయన నొచ్చుకున్నట్టు నవ్వి, “మాకు అలిఫ్ బే కూడా సరిగ్గా రాదు హజ్రత్. లోపలికొచ్చి మేమేం చేస్తాం? మీరున్నారు కదా” అన్నారు. ఎంతో గౌరవంతోనే అన్నారు. కాని ఆ మాట మా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఈ వ్యాసం ఆయనకు ఆ పూట మేము చెప్పలేకపోయిన జవాబు.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ సిగ్గులో మా వంతు తప్పు కూడా ఉంది. గోదావరి జిల్లాల ముస్లింలలో ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాలు ఎన్నో. ముఖ్యంగా నూర్‌బాషా (దూదేకుల) సోదరుల ఇళ్లలో తరతరాలుగా తెలుగే తల్లి భాష. మద్రసాల్లో ఉర్దూలో చదువుకుని వచ్చిన మావంటి వారు ఉర్దూ రాకపోతే ధర్మం రానట్టే చూశాము. ఎవరైనా పెద్దాయన జబర్, జేర్ తడబడితే పెదవి బిగించి నవ్వు ఆపుకున్నాము. అలా నవ్వించుకున్న మనిషి తన కొడుకు ముందు, కొడుకు స్నేహితుల ముందు మళ్లీ అలాంటి పరీక్షకు కూర్చుంటాడా? గేటు దగ్గర ఆగిపోవడమే మర్యాద అనుకుంటాడు.

అయితే చదువు వచ్చినవాడికే పిల్లల శిక్షణలో పని ఉంటుందని మనకు ఎవరు చెప్పారు? సహీహ్ బుఖారీలో హజ్రత్ అమ్ర్ బిన్ సలమా (రజి) తన చిన్ననాటి సంగతి చెప్పారు. వారి తెగ బాటసారులు నీళ్ల కోసం ఆగే చోట నివసించేది. వచ్చేపోయే వారిని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) గురించి అడుగుతూ, వారు వినిపించే ఖుర్ఆన్ వాక్యాలను ఈ పిల్లవాడు మనసులో నిలుపుకునేవాడు. మక్కా విజయం తర్వాత తెగ మొత్తం ఇస్లాం స్వీకరించింది. ఖుర్ఆన్ ఎవరికి ఎక్కువ వస్తే వారే నమాజు చేయించాలన్న ప్రవక్త (స) ఆదేశాన్ని ఆయన తండ్రి తీసుకొచ్చారు. వెతికి చూస్తే ఈ పిల్లవాడి కంటే ఎక్కువ వచ్చినవారు ఎవరూ లేరు. అప్పుడు ఆయనకు ఆరేడేళ్లు. ఒంటి మీద పొట్టి దుప్పటి. సజ్దాలోకి వెళ్తే అది పైకి లేచిపోయేది. ఒక స్త్రీ చూసి, మీ ఖారీకి ఒళ్లు కప్పుకోవడానికి ఏమైనా చూడరా అని పెద్దలను నిలదీసింది. వారు బట్ట కొని చొక్కా కుట్టించారు. ఆ చొక్కా చూసి తాను పొందినంత సంతోషం మరి దేనికీ పొందలేదని హజ్రత్ అమ్ర్ (రజి) చెప్పుకున్నారు.

(బాలుడి ఇమామత్‌పై మజ్‌హబుల మధ్య భేదాభిప్రాయం ఉంది. యుక్తవయసు రాని పిల్లల వెనుక పెద్దలు ఫర్జ్ నమాజు చేయరాదన్నది హనఫీ విద్వాంసుల అభిప్రాయం. మన చర్చ దాని గురించి కాదు.)

ఆ చొక్కా గురించి ఆలోచించండి. ఆ తెగలో పెద్దలందరికీ ఆ పిల్లవాడి కంటే ఖుర్ఆన్ తక్కువే వచ్చు. వారు సిగ్గుపడి ఇళ్లలో కూర్చోలేదు. పిల్లవాడి వెనుక నిలబడ్డారు. అతనికి ఏం తక్కువైందో గమనించినది ఒక స్త్రీ. తీర్చినవారు మిగతావారు. అతనికి జీవితాంతం గుర్తుండిపోయినది కూడా అదే.

పిల్లల బృందాలను తల్లిదండ్రులే భుజాన వేసుకోవడం ఎక్కడో విదేశాల అలవాటు అనుకునేవారు ఉన్నారు. అమెరికా, బ్రిటన్‌లలో మస్జిద్‌లకు అనుబంధంగా నడిచే వారాంతపు పాఠశాలల్లో ఎన్నో చోట్ల పని చేసేది జీతం లేని తల్లిదండ్రులే అన్నది నిజమే. 1907లో ఇంగ్లండులోని ఒక చిన్న దీవిలో ఇరవై మంది పిల్లలతో మొదలైన స్కౌటు ఉద్యమం ఇన్ని దేశాలకు పాకిందంటే సాయంత్రం పూట వచ్చి నిలబడే మామూలు పెద్దల వల్లే. కాని మనకు ఆదర్శం అంత దూరంలో లేదు. మదీనాలోనే ఉంది.

ఆషూరా రోజు ఉపవాసం గురించి హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) ఇచ్చిన వివరణ బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉంది. రమజాను ఉపవాసాలు విధి కాకముందు నాటి మాట. అన్సారు తల్లులు తాము ఉపవాసం ఉండి తమ చిన్నపిల్లల చేత కూడా ఉంచేవారు. సహీహ్ ముస్లిం ఉల్లేఖనం ప్రకారం పిల్లల్ని వెంటబెట్టుకుని మస్జిద్‌కు వెళ్లేవారు. ఉన్నితో బొమ్మలు చేసేవారు. పిల్లవాడు అన్నం కోసం ఏడిస్తే బొమ్మ చేతిలో పెట్టేవారు, అలా ఇఫ్తార్ వేళ అయ్యేది. ఉపవాసం నేర్పాలంటే బెత్తం కాదు, బొమ్మ కావాలని ఆ తల్లులకు తెలుసు. దూది ఏకే చేతులున్న మన నూర్‌బాషా కుటుంబాలకు ఇంతకంటే దగ్గరి హదీసు ఉంటుందా? మొన్నమొన్నటి దాకా విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టిన తాతల మనవలకు దూదితో బొమ్మ చేయడం ఎవరైనా నేర్పాలా?

మరో హదీసు మా వంటి బోధకులకు పాఠం. హజ్రత్ మాలిక్ బిన్ హువైరిస్ (రజి), ఆయన వెంట ఇంచుమించు ఒకే వయసు యువకులు కొందరు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి ఇరవై రాత్రులు ఉన్నారు. మనం ఈనాడు యువజన శిబిరం అంటున్నామే, అలాంటిదే. వారికి ఇంటి మీద బెంగ కలిగిందని ప్రవక్త (స) వారు చెప్పకముందే గ్రహించారు. ఇళ్ల దగ్గర ఎవరెవరు ఉన్నారని అడిగి తెలుసుకున్నారు. తర్వాత ఇళ్లకు వెళ్లండి, అక్కడే ఉండి మీ వారికి నేర్పండి అని పంపించారు. ఆయన ఎంతో దయామయులని, మృదు స్వభావులని మాలిక్ (రజి) చెప్పారు. శిబిరానికి వచ్చిన కుర్రవాడి ఇంట్లో ఎవరున్నారో మనలో ఎంతమందికి తెలుసు? తండ్రి కువైట్‌లో ఉన్నాడో, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడో తెలియకుండా దుఆలు మాత్రం కంఠస్థం చేయిస్తున్నాము. ఆ నలభై మంది పిల్లల్లో తండ్రి పేరు అడగనివారు ఎందరున్నారో తలచుకుంటే మాకే సిగ్గేసింది.

ఇక తల్లుల దగ్గరికి వద్దాము. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) తన కుమారుడు అనస్‌ను (రజి) పదేళ్ల వయసులో ప్రవక్త (స) సేవకు అప్పగించారు. పదేళ్లపాటు సేవ చేసినా ప్రవక్త (స) తనను ఒక్కసారీ ఛీ అనలేదని అనస్ (రజి) చెప్పారు. పిల్లల బోధకులందరూ ఈ ఒక్క మాట ముందు తల వంచాలి. అంతటి గురువుకు అప్పగించిన తర్వాత కూడా ఆ తల్లి చేతులు దులుపుకోలేదు. ఒకరోజు అనస్ (రజి) పిల్లలతో ఆడుకుంటుంటే ప్రవక్త (స) వచ్చి, పిల్లలందరికీ సలాం చెప్పి, ఆయన్ని ఒక పని మీద పంపారు. ఇల్లు చేరేసరికి ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైందని తల్లి అడిగారు. ప్రవక్త (స) పని మీద వెళ్లానన్నారు. ఏం పని అని అడిగారు. అది రహస్యం అన్నారు కొడుకు. అయితే దైవప్రవక్త (స) రహస్యాన్ని ఎవరికీ చెప్పవద్దని ఆమె బోధించారు. సహీహ్ ముస్లింలోని ఈ సంఘటనను నమ్మకాన్ని కాపాడే గుణానికి ఉదాహరణగా మనం తరచు వింటుంటాము. మేము మరో సంగతి చూడమంటున్నాము. ఆమె అడిగారు. ఎందుకు ఆలస్యమైంది, ఏం పని అని రెండు ప్రశ్నలు వేశారు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఈ హదీసును అడ్డం పెట్టుకుని ఏ ఉస్తాదూ, ఏ యువజన నాయకుడూ, ఏ బంధువూ పిల్లవాడితో “ఇంట్లో చెప్పకు” అనడానికి వీల్లేదు. అది పాపరహితుడైన దైవప్రవక్త (స) అప్పగించిన పని. ఆ స్థానం మనలో ఎవరికీ లేదు. ఇంట్లో చెప్పవద్దని ఏ పెద్దవాడైనా అంటే ఆ మాటే మొదట ఇంట్లో చెప్పాలని పిల్లలకు నేర్పండి. మస్జిద్‌లో జరిగినా, బడిలో జరిగినా, చుట్టాలింట్లో జరిగినా. లైంగిక వేధింపుల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. ఆడపిల్లలకే కాదు, పద్దెనిమిదేళ్ల లోపు మగపిల్లలకూ అది వర్తిస్తుంది. అలాంటి నేరం జరిగిందని తెలిసినవారు, జరగవచ్చన్న అనుమానం ఉన్నవారు పోలీసులకు తెలపడం ఆ చట్టం ప్రకారం విధి. పిల్లల సహాయానికి 1098 అనే ఫోను నంబరు ఉంది. జమాత్ పరువు పోతుందని నోరు నొక్కేవారు, అమానత్ అన్న మాటకు అర్థం తెలియనివారు. పరువు ఎవరిది? పిల్లవాడిది కాదా?

తల్లిదండ్రులు గేటు దగ్గర ఆగిపోకూడదని మేము ఇంతగా చెప్పడానికి ఇదొక ముఖ్య కారణం. ఒక గదిలో ఒక పెద్దవాడు, తలుపు వేసి ఉంది, ఒక పిల్లవాడు. ఈ పరిస్థితి ఏ మక్తబులోనూ రాకూడదు. ఆ పెద్దవాడు ఎంత మంచివాడైనా సరే. నిజానికి మంచివాడికే ఎక్కువ మేలు, అపవాదు రాదు. బ్రిటన్‌లో పిల్లలతో క్రమం తప్పకుండా పనిచేసే స్వచ్ఛంద సేవకుల పోలీసు రికార్డు కూడా తనిఖీ చేస్తారు. కాని ఇద్దరు పెద్దలు కనిపించే చోటే పిల్లలు కూర్చోవాలి అన్న నియమానికి ప్రభుత్వం కావాలా? రోజుకొక తండ్రి వంతు వేసుకుంటే చాలు. బెత్తం సంగతీ అంతే. గదిలో మరొకరు కూర్చుని ఉంటే చేయి లేచేది తగ్గుతుంది. మేము విద్యార్థులుగా ఉన్నప్పుడు మా వీపులకు తెలిసిన సత్యమిది.

లోపలికి వచ్చిన తల్లిదండ్రులకు కూడా ఒక పరీక్ష ఉంది. మన బిడ్డ అదే గుంపులో ఉంటాడు. బహుమతులు పంచేటప్పుడు, ఉపన్యాసానికి పేర్లు ఎంచేటప్పుడు, క్రికెట్‌లో బ్యాటింగు ఎవరిదని తేల్చేటప్పుడు చేయి తెలియకుండానే అటు వెళ్తుంది. హజ్రత్ బషీర్ (రజి) తన కుమారుడు నూమాన్‌కు ఒక కానుక ఇచ్చి ప్రవక్తను (స) సాక్షిగా ఉండమన్నారు. మిగతా పిల్లలకూ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) అడిగారు. లేదన్నాక అల్లాహ్‌కు భయపడి సంతానం మధ్య న్యాయం చేయమని ఉపదేశించారు. సొంత పిల్లల మధ్యే ఇంత జాగ్రత్త అవసరమైతే, పదిమంది పిల్లల మధ్య మన బిడ్డను ముందు పెట్టడం ఎంత దోషం! ఇందుకు విరుగుడు ఒకటే, ఎవరి బిడ్డ ఉన్న వరుస వారికి అప్పగించకూడదు.

నమాజు వరుసల విషయం కూడా చూడండి. పిల్లలు నవ్వారని వెనక్కి నెట్టే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. దైవప్రవక్త (స) తన మనవరాలు ఉమామాను ఎత్తుకుని నమాజు చేశారు, సజ్దాకు వెళ్లేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్లీ ఎత్తుకునేవారు. ఇది కూడా బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. పిల్లల వరుసలో ఇద్దరు తండ్రులు మధ్యమధ్య నిలబడితే నవ్వులూ తగ్గుతాయి, కసుర్లూ తగ్గుతాయి.

తల్లులు ఎలా రావాలి అన్న ప్రశ్న మాకు తెలుసు. మన చిన్న పట్టణాల్లో చాలా మస్జిద్‌లలో స్త్రీలకు వేరే చోటు లేదు. అలాంటప్పుడు ఆడపిల్లల బృందం ఎవరి ఇంటి వరండాలోనో, బడి గదిలోనో కూర్చోవచ్చు. పెద్దపిల్లలకు 1982లో ఏర్పడిన స్టూడెంట్స్ ఇస్లామిక్ ఆర్గనైజేషన్, అమ్మాయిలకు గర్ల్స్ ఇస్లామిక్ ఆర్గనైజేషన్ వంటివి ఉన్నాయి. వాటిలో పిల్లలను చేర్చి అంతటితో ఊరుకునే తల్లిదండ్రులూ తక్కువేమీ కాదు. ఏ సంస్థ అయినా సరే, వారం వారం ఏం చెబుతున్నారో తెలుసుకోవడం తల్లిదండ్రుల హక్కు. ఆ హక్కును విసుక్కునే సంస్థను అనుమానించవలసిందే.

ధన సహాయంలో మనవారు వెనుకబడలేదు. దారుల్ ఉలూమ్ దేవ్‌బంద్ 1866లో ఒక చిన్న మస్జిద్‌లో మొదలైంది. సామాన్యుల చందాలే దానికి ఆధారం. అన్నం వండేటప్పుడు రోజూ పిడికెడు బియ్యం మద్రసా కోసం పక్కన పెట్టిన తల్లులు ఈ దేశంలో ఎందరో ఉన్నారు. ఆ బియ్యం తిని చదువుకున్న వారిలో మేమూ ఉన్నాము. అయితే పిడికెడు బియ్యం ఇవ్వడం కంటే వారానికి రెండు గంటలు ఇవ్వడం కష్టం. బియ్యం పంపిస్తే సరిపోతుంది. సమయం ఇవ్వాలంటే మనిషే రావాలి. అత్‌తహ్రీమ్ సూరా ఆరవ ఆయత్‌లో అల్లాహ్ విశ్వాసులను తమను తాము, తమ ఇంటివారిని నరకాగ్ని నుంచి కాపాడుకోమన్నాడు. ఆ బాధ్యత మొత్తాన్ని నెలకు కొంత చందా కట్టి ఇమామ్ సాబ్ మీద పెట్టవచ్చని ఎక్కడా అనలేదు.

మరి అలిఫ్ బే రాని తండ్రి ఏం చేయాలి? హాజరు పుస్తకం రాయవచ్చు, తెలుగులోనే. రెండు రోజులు రాని పిల్లవాడి ఇంటికి వెళ్లి ఒంట్లో బాగుందా అని అడగవచ్చు. చిన్నపిల్లలు రోడ్డు దాటేటప్పుడు చేయి పట్టుకోవచ్చు. వుజూ చేసేచోట తోసుకోకుండా వరుసలో నిలబెట్టవచ్చు. అసర్ తర్వాత పిల్లలు ఆడుకుంటుంటే మైదానం గట్టు మీద కూర్చోవచ్చు. పదో తరగతి పిల్లలకు తన పని గురించి, తాను మోసపోయిన బేరం గురించి, అప్పు తీర్చిన రోజు గురించి చెప్పవచ్చు. హలాల్ సంపాదన గురించి మేము పుస్తకంలో చదివి చెబుతాము, ఆయన చేతులు చూపించి చెప్పగలరు. ఆ తర్వాత వీలైతే కొడుకు పక్కనే కూర్చుని అలిఫ్ బే కూడా మొదలుపెట్టవచ్చు. తడబడుతూ కష్టపడి ఖుర్ఆన్ చదివేవారికి రెండింతల పుణ్యం ఉందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు.

మేము తిరిగి వచ్చేయడానికి నాలుగు రోజుల ముందు ఆ వెల్డింగు సోదరుడు షాపు మూసి రాత్రి పూట ఇనుప ముక్కలతో ఒక చెప్పుల స్టాండు చేసి తెచ్చారు. నలభై మంది పిల్లల చెప్పులు గుమ్మంలో కుప్పగా పడి ఉండడం ఆయన రోజూ గేటు దగ్గరి నుంచి చూస్తున్నారట. బండి దిగి, స్టాండు లోపలికి మోసుకొచ్చి, కింద చెక్కముక్క పెట్టి కదలకుండా సరిచేసి, పిల్లలు పాఠం అప్పజెబుతుంటే గోడవారగా కూర్చున్నారు. ఆయన కొడుకు ఆ ఉదయం చెప్పులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడానికి మూడుసార్లు బయటికి వెళ్లి వచ్చాడు. మేము వద్దనలేదు.